కాయకశుద్ధియు జలనియమమును

అష్టావరణములలో పాదోదకమునకు గల స్థానము వీరశైవులకు క్రొత్తగా చెప్పవలసినది కాదు. గురులింగజంగమ పాదములను సోకిన జలమును భక్తుడు దోసిట బట్టి, ఒక్క బిందువైనను నేలపాలు గానీయక స్వీకరించును. చేతికంటిన తడిని సైతము శిరమునకు రాచుకొనును. ఇంతటి జాగరూకత గల భక్తుడే, పూజ ముగించి, నుదుటి విభూతి చెదరకమున్నే అంగడి తలుపు తెరచినంతనే వేరొక మనుష్యుడగుచున్నాడు. ముంగిటి దుమ్మణచుటకై గొట్టముతో వీధియంతయు తడియునట్లు నీరు చల్లించును. వెనుకవైపున పాత్రలు తోము చోట కుళాయి తిప్పినది తిప్పినట్లే యుండును. మేడపై తొట్టి నిండి, పొరలి, గోడవెంట ధారకట్టుచుండగా మోటారు ఆపవలసినవాడెవడో ఎవరికిని తెలియదు. పూజాగృహములోని జలము పవిత్రము, అంగడిలోని జలము సరకు అను ఈ విభాగము శరణులు చేసినది కాదు.

బసవేశ్వరుడు భక్తిని గుడిగోడల నడుమ బంధింపలేదు. మనుష్యుడు తన దేహశ్రమచే సంపాదించు అన్నమునందే, ఆ సంపాదించు విధానమునందే భక్తిని నిలిపినాడు. అందుచేతనే చాకలియు, క్షురకుడును, పడవ నడుపువాడును, త్రాళ్లు పేనువాడును, రాలిన గింజలేరుకొనువాడును అనుభవమంటపమున సమానాసనము పొందిరి. వారి వృత్తి యేదని అచ్చట ఎవరును అడుగలేదు. ఆ వృత్తి శుద్ధముగ నున్నదా యని మాత్రమే చూచిరి. శుద్ధము కాని కాయకమునుండి వచ్చిన ద్రవ్యము దాసోహమునకు పనికిరాదు. నేటి వర్తకుడు తన తూనికరాళ్లు సరిగా నున్నవని, కల్తీ చేయలేదని, పన్ను చెల్లించితినని తలచి కాయకశుద్ధి కలిగినదని తృప్తిపడుచున్నాడు. ఆ లెక్కలో నీరు చేరుట లేదు. ఒక దినమునకు తన వ్యాపారమున ఎన్ని లీటర్ల నీరు వ్యయమగుచున్నదో చెప్పగల వర్తకులు బహు తక్కువ. నూనె యెంత, ఉప్పు యెంత, చింతపండు యెంత యని అడిగినచో చిటికెలో చెప్పుదురు.

లెక్కయనగానే బసవేశ్వరుని వృత్తాంతమొకటి స్మరణకు వచ్చును. ఆయన కల్యాణమున బిజ్జలుని కొలువులో భాండాగారాధికారి. జంగమదాసోహమునకై రాజద్రవ్యమును వ్యయపరచుచున్నాడని ఓర్వలేనివారు బిజ్జలునితో చెప్పిరి. రాజు భాండాగారమును లెక్కింపజేసెను. ఒక్క మాడయు తరుగలేదు. పాల్కురికి సోమనాథుడు తన బసవపురాణమున ఈ కథను చెప్పినాడు. దీనిని మహిమగా మాత్రమే వినుట మనకలవాటు. కాని ఇతరుల ధనమును చేతబట్టుకొని కూర్చున్నవాడు ఏ క్షణమున అడిగినను లెక్క చూపగలిగి యుండవలెననునదియు ఆ కథలో నున్నది. నీరు ఏ వర్తకుని సొత్తును కాదు. అతడు దానికి భాండాగారి మాత్రమే. కావున మొట్టమొదటి నియమము లెక్కయే. అంగడి మూయునప్పుడొకసారి, మరునాడు తెరచునప్పుడొకసారి మీటరు చూచి ఖాతాపుస్తకమున వ్రాసికొనవలెను. రాత్రి తొట్టి నిండిన పిమ్మట ఎవరును నీరు వాడకున్నను అంకె కదలినచో ఎచ్చటనో గొట్టము కారుచున్నదన్నమాట. సెకనుకొక్క చుక్క వంతున జారు కుళాయి దినమునకు సుమారు 4 లీటర్లు, సంవత్సరమునకు 1,500 లీటర్ల వరకు వ్యర్థము చేయును. అంతకంటె మోసకరమైనది మరుగుదొడ్డి తొట్టి; శబ్దము లేకయే కారుచుండును. ఆ తొట్టిలో కొంచెము రంగు కలిపి, ఇరువది నిమిషములు ఎవరిని వాడనీయక చూచినచో, రంగు క్రిందికి దిగినదో లేదో కంటికే తెలియును. దీనికి ఇంజనీరు అక్కరలేదు.

ఇక ఎంత తీసికొనవలెనను ప్రశ్న. దీనికి సమాధానము ఆయ్దక్కి లక్కమ్మ చెప్పినది. ఆమె భర్త మారయ్య మహామనె వాకిట రాలిన బియ్యపుగింజలను ఏరి తెచ్చువాడు; దానితోనే దినదాసోహము జరుగుచుండెను. ఒకనాడు శరణగోష్ఠిలో ప్రొద్దు పోయినది. తొందరలో వెళ్లి నాటికి కావలసినదానికంటె హెచ్చుగా తెచ్చినాడు. వారి పేదరికమెరిగి బసవన్నయే కావలెనని ఎక్కువ గింజలు రాలునట్లు చేయించెనని కూడ చెప్పుదురు. లక్కమ్మ ఆ మూట చూచి సంతోషింపలేదు. ఈ మిగులు మనది కాదని, తెచ్చినచోటనే పోసి రమ్మని భర్తను వెనుకకు పంపినది. అది దొంగసొత్తు కాదు. ఎవరి కొట్టునుండియు తీసినది కాదు; నేలరాలినది. దానిని తెచ్చుటకు మారయ్యకు అడ్డుచెప్పినవారును లేరు. ఐనను అవసరమునకు మించినదగుటచే ఆ యిల్లాలికది అశుద్ధముగా తోచినది.

నేటి వర్తకుని వాదమును లక్కమ్మ వాకిట నిలిపి చూడవలెను. "నేను డబ్బు చెల్లించితిని, నా స్థలములో నా బోరు, నా నీరు నా యిష్టము" అని అతడనును. బోరు గొట్టము అతని స్థలములోనే దిగినది నిజమే. నీరు మాత్రము అతని ప్రహరీగోడ నెరుగదు. భూమి లోపలి రాతిపగుళ్లగుండ పొరుగువాని క్రిందినుండియు, ఆవలి వీధిలోని చేదబావి క్రిందినుండియు అది వచ్చుచున్నది. ఒకడు 1,000 అడుగుల లోతున మోటారు దించినప్పుడు 300 అడుగుల బోరు గల పొరుగింటివానికి గాలియే మిగులును. అవిభక్త ఆంధ్రప్రదేశమున 2002వ సంవత్సరమున నీరు, భూమి, చెట్ల సంరక్షణకై చేసిన చట్టము, జనులు 'వాల్టా' యని పిలుచునది, క్రొత్త బోరునకు అనుమతి కావలెననుటలోని భావమిదియే. చట్టము కాగితమునందున్నది. లక్కమ్మ చూపిన సంకోచము మనస్సునందుండవలసినది. అది లేనిచోట కాగితము పొరుగువాని బావిని కాపాడలేదు.

ఈ మాటలు ఉత్త వేదాంతము కావని 2024వ సంవత్సరపు వేసవి బెంగుళూరు నగరమునకు చూపినది. తెలుగువారు లక్షలుగా నివసించు ఆ నగరము బసవన్న పుట్టిన రాష్ట్రమునకే రాజధాని. 2023లో వానలు తప్పిపోగా కర్ణాటకమున 236 తాలూకాలలో 223 కరవు తాలూకాలుగా ప్రకటింపబడినవి. 2024 మార్చి నాటికి నగరములోని సుమారు 14,000 ప్రభుత్వపు బోరుబావులలో 6,900 ఎండిపోయినవని ముఖ్యమంత్రియే చెప్పెను. ట్యాంకరు నీటి వెల రెండింతలకు మించిపోయెను. అప్పుడు నగర జలమండలి ఆజ్ఞ వెలువరించినది. త్రాగునీటితో వాహనములు కడుగరాదు; తోటలు తడుపరాదు; కట్టడముల పనికిని, శోభకై కట్టిన ఫౌంటెనులకును వాడరాదు; సినిమాశాలలలోను, పెద్ద అంగడి సముదాయములలోను త్రాగుటకు తప్ప వేరు పనికి వాడరాదు. మీరినచో 5,000 రూపాయల జరిమానా. మరల మరల మీరినచో దినమునకు 500 రూపాయలు అదనము. ఆ మార్చి నెలలోనే 22 కుటుంబములనుండి మొత్తము 1.1 లక్షల రూపాయలు వసూలు చేసిరి. వ్యాపారస్థలములన్నియు మాసాంతములోగా కుళాయిలకు ధార తగ్గించు ఏరేటరు మూతలు బిగించుకొనవలెనని మరియొక ఆజ్ఞ వచ్చినది.

ఆ నగరపు కుళాయిలో పారు కావేరి ఎట్లు వచ్చుచున్నదో యోచించినచో 5,000 రూపాయలు అల్పముగానే తోచును. సుమారు 100 కిలోమీటర్ల దూరమునుండి, దాదాపు 500 మీటర్ల యెత్తునకు, మూడు మజిలీలలో యంత్రములచే ఎక్కింపబడి ఆ జలము నగరము చేరుచున్నది. నది తనంతట తాను కొండ యెక్కదు. బక్కెట్టెడు కావేరితో కారు చక్రము కడుగువాడు నీటితోపాటు దానిని మోసి తెచ్చిన విద్యుత్తును, ఆ నీటికై వాదులాడుకొను రెండు రాష్ట్రముల రైతుల ఆశను కూడ కాలువలో పోయుచున్నాడు.

2024 అక్టోబరు 16వ తేదీన కావేరి అయిదవ దశ ప్రారంభమైనది. నగరమును చేరిన 110 గ్రామములకై దినమునకు 77.5 కోట్ల లీటర్ల నీరు సమకూర్చు పథకమిది. నీరు వచ్చినదని విన్నంతనే చాలమంది పాత యలవాటునకు మరలిరి. కావుననే 2025 ఫిబ్రవరిలో జలమండలి అదే నిషేధమును మరల ప్రకటింపవలసి వచ్చినది. ఎండకాలమున మాత్రము పాటింపబడునది భయము. దానికి వ్రతమను పేరు చెల్లదు. ఇష్టలింగమును కరవు వచ్చినప్పుడు మాత్రమే ధరించు భక్తుడున్నాడా?

వ్యాపారములన్నిటిలో నీటితో మిక్కిలి సంబంధము గలది హోటలు. అందును దోషమెచ్చట నున్నదో సరిగా గుర్తింపవలెను. ఇటీవల కొందరు యజమానులు జలసంరక్షణమనగానే అతిథి గ్లాసుపై దృష్టి నిలుపుచున్నారు. అడుగనిదే నీళ్లీయవద్దని, ఇచ్చినను సగమే పోయుమని పనివారికి చెప్పుచున్నారు. సగము గ్లాసు పోసి, మరల అడిగినచో చిరునవ్వుతో మరల పోయుట మంచిదే. త్రాగి విడిచిన నీరు ఎవరికిని పనికిరాదు. ఐతే లెక్క చూడుడు. దినమునకు 300 మంది వచ్చు హోటలులో ఒక్కొక్కరు 100 మిల్లీలీటర్ల వంతున విడిచినను వ్యర్థమగునది 30 లీటర్లు. వెనుక వాకిట పాత్రలు తోమునప్పుడు నిమిషమునకు 10 లీటర్ల వంతున పారు కుళాయి మూడు నిమిషములలో ఆ 30 లీటర్లను మ్రింగివేయును. అది గంటసేపు తెరచియున్నచో 600 లీటర్లు పోవును. 6,000 లీటర్ల ట్యాంకరులో పదియవ వంతు. ముందుగదిలో దప్పిగొన్నవాని గ్లాసు కొలుచుచు, వెనుకగదిలో కుళాయి విడిచిపెట్టు యజమాని పొదుపు చేయుట లేదు, దాసోహమును కుదించుకొనుచున్నాడు.

తెలుగునాట ఇంటికి వచ్చినవానికి మొదట మంచినీళ్లిచ్చుట ఆచారము. వేసవిలో చలివేంద్రములు పెట్టుట పుణ్యకార్యము. ఇతరుల దాహమునకిచ్చునది దాసోహము. దానియందు కొలత ఉండరాదు. తన పనికై వాడుకొనునది కాయకము. కొలత దానికే కావలెను. ఈ రెండింటిని తారుమారు చేయుటయే నేటి వ్యాపారుల పొరపాటు.

వెనుకవాకిటి పని నిజముగా కష్టమైనది కాదు. ఎంగిలిని ముందుగా గరిటెతోనో కొబ్బరిపీచుతోనో పొడిగానే తుడిచివేసి, ఒక తొట్టిలో సబ్బునీట ముంచి తోమి, రెండవ తొట్టిలో జాడించి, చివర మాత్రమే కుళాయి తిప్పవలెను. రెండవ తొట్టి నీరు మసకబారగానే దానిని పారబోయక మొదటి తొట్టికి మార్చవచ్చును. బియ్యము, కూరలు కడిగిన నీరు మొక్కలకు, వాకిటికి చాలును. నీటిని శుద్ధిచేయు చిన్న ఆర్.ఓ. యంత్రములు ఒక లీటరు మంచినీరిచ్చుటకు తరచు రెండు మూడు లీటర్లు ప్రక్కగొట్టముగుండ విడుచును. ఆ గొట్టము తిన్నగా కాలువలోనికి పోవుచున్నదేమో చూడవలెను. ఆ నీటిని పీపాలో పట్టి నేల తుడుచుటకు, మరుగుదొడ్డికి, పాత్రల మొదటి కడుగుడుకు వాడవచ్చును. ఉప్పు హెచ్చుగ నుండుటచే మొక్కలకు ఎల్లప్పుడును సరిపడదు.

తక్కిన వ్యాపారములకును ఇదే తీరు. బట్టలుతుకు యంత్రశాలలవారు చివరి జాడింపు నీటిని తరువాతి బట్టల మొదటి తడుపునకు దాచుకొనవచ్చును. వాహనము కడుగువాడు గొట్టము విడిచి రెండు బక్కెట్లు, ఒక గుడ్డ పట్టినచో 40 లీటర్లలోపున పని ముగియును; పది నిమిషములు పారిన గొట్టము 100 లీటర్లకు పైగా త్రాగును. కట్టడము గోడలను తడుపువారు తడి గోనెపట్టలు కప్పి ఉంచినచో, ఎండలో క్షణమున ఆవిరియగు నీటిని మాటిమాటికి చిమ్మవలసిన పనిలేదు. శుద్ధిచేసిన మురుగునీరు దొరకుచోట దానినే వాడవచ్చునేమో విచారింపవలెను.

నీటినే అమ్ముకొనువారి మాట కొంచెము కష్టమైనది. ట్యాంకరు నడుపుట కాయకమే. ఎండలో దూరము పోయి, దప్పిగొన్న వీధికి నీరు చేర్చువాడు సేవ చేయుచున్నాడనుటలో సందేహము లేదు. అతని డీసెలునకు, డ్రైవరు కూలికి, బండి మరమ్మతునకు వెల రావలెను. కాని ప్రక్కవీధి బోరు ఎండినదని తెలిసిన మరుక్షణమున వెల రెట్టింపు చేయువాడు అమ్ముచున్నది నీరు కాదు, అవతలివాని నిస్సహాయత. 2024 మార్చిలో బెంగుళూరు జిల్లాధికారులు అయిదు కిలోమీటర్లలోపున 6,000 లీటర్లకు 600 రూపాయలు, 12,000 లీటర్లకు 1,000 రూపాయలు అని వెల నిర్ణయింపవలసి వచ్చినది. సదాచారము పంచాచారములలో ఒకటి. అది జీవించియున్నచోట అధికారి వెల నిర్ణయింపవలసిన అగత్యమెందులకు కలుగును? దేవాలయమునకు వెండితొడుగు చేయించుట కంటె, కరవునాడు పాత వెలకే ట్యాంకరు తోలుట జంగమపూజకు దగ్గరగా నుండును.

వాడిన నీరు ఎచ్చటికి పోవుచున్నదనుటయు కాయకశుద్ధిలో భాగమే. మడివాలు మాచయ్య శరణుల వస్త్రములను ఉతుకుట కాయకముగా గైకొన్నవాడు. కాయకము చేయక తిరుగువాని మైలబట్టలను అతడు ముట్టడని శరణసంప్రదాయము చెప్పును. మైలను తీసివేయుట అతని పని; దానిని వేరొకరిమీద పోయుట కాదు. బెంగుళూరులోని బెళ్లందూరు చెరువు నురుగులు గ్రక్కి వీధులపైకి ఎగిరినదియు, 2015లోను, 2017లోను, 2018లోను నీటిపైననే మంటలు లేచినదియు లోకమెరిగిన విషయము. శుద్ధిచేయని మురుగు, సబ్బుల రసాయనములు, ఒడ్డున పోసిన చెత్త ఆ చెరువునకు ఆ గతి పట్టించినవి. ప్రతి వర్తకుడును తన గడప శుభ్రముగ నున్నదని సంతోషించి యుండును. ఆ శుభ్రతల మొత్తమే చెరువులో మండినది. ఇటువంటి దానిని చూచి ఊరకుండక ఎదిరించుటను శరణులు గణాచారమనిరి. పొరుగు కార్ఖానా వాడు రాత్రివేళ కాలువలోనికి రంగునీరు విడుచుచుండగా, "మనకెందులకు, ఖాతాదారుడు గదా" యని మౌనము వహించు భక్తుడు గణాచారమును విడిచినవాడే.

అదే నగరపు మురుగును శుద్ధిచేసి కోలారు జిల్లా చెరువులకు పంపు ఏర్పాటు 2018 నుండి సాగుచున్నది. తెలుగు మాటాడు పల్లెలు పెక్కు గల ఆ జిల్లాలో ఎండిన బోరులలో నీరు మరల కనబడినదని కొందరు సంతోషింపగా, శుద్ధి యింకను మెరుగుగా జరుగవలెనని కొందరు పోరాడిరి. ఇరువురి మాటలోను న్యాయమున్నది. నగరములోని వర్తకుడు కాలువలో పోసినది యేదో, అది ఎనుబది కిలోమీటర్ల అవతల రైతు చేనుక్రిందికి చేరుచున్నదను సంగతి మాత్రము దీనివలన స్పష్టము.

పొదుపు ఒక ప్రక్క, కూర్పు ఒక ప్రక్క. సొన్నలిగె సిద్ధరామయ్య తన ఊర చెరువు త్రవ్వించినాడు. నేటి సోలాపురమే ఆ సొన్నలిగె. ఆ చెరువు నడుమ సిద్ధేశ్వరుని గుడి నేటికిని ఉన్నది. అల్లమప్రభువు అచ్చటికి వచ్చి సిద్ధరాముని గద్దించినది చెరువు త్రవ్వినందులకు కాదు. నేను త్రవ్వించితినను భావము అంతరంగమున మిగిలియుండుటకు. అంగడి ముందు వాననీటి గుంట త్రవ్వించి, గుంటకంటె పెద్దదైన నామఫలకము నిలుపువారు ఈ ఘట్టమును తీరికగా చదువుకొనవచ్చును. గుంట మాత్రము త్రవ్వింపవలసినదే. చదరపు మీటరు కప్పుపై ఒక మిల్లీమీటరు వర్షము కురిసినచో ఒక లీటరు నీరగును. 100 చదరపు మీటర్ల కప్పు గల అంగడిపై, సంవత్సరమునకు 800 మిల్లీమీటర్లు కురియు ఊరిలో, 80,000 లీటర్లు పడును. అయిదవ వంతు జారిపోయినను మిగులు 64,000 లీటర్లు; అనగా 6,000 లీటర్ల ట్యాంకరులు పదింటికి మించినది. ఆకాశమునుండి అడుగకయే వచ్చిన ఇంత నీటిని వీధిలోనికి పంపి, వేసవిలో అదే వీధిలో ట్యాంకరునకై ఎదురుచూచుట వ్యాపారదృష్టితో చూచినను తెలివి కాదు. కప్పు ఊడ్చి, మొదటి వాన నీటిని విడిచి, తరువాతి నీటిని గులకరాళ్లు, ఇసుక పొరలగుండ తొట్టికో, బోరు ప్రక్కన గుంటకో మళ్లించినచో చాలును.

ఒక హెచ్చరిక. కొన్ని కార్ఖానాలలోను, బట్టల దుకాణములలోను నీటి పొదుపు పేరిట మొదట మూతపడునది పనివారి మరుగుదొడ్డి. దినమంతయు నిలువుకాళ్లపై నిలిచి చీరలు విప్పి చూపు యువతులు, మరుగుదొడ్డికి పోవలసివచ్చునను భయముతో నీరు త్రాగుటయే మానుకొనుచున్నారు. దానివలన మూత్రకోశ వ్యాధులు కలుగునని వైద్యులు చెప్పుచునే యున్నారు. యజమాని గదిలో నిండు సీసా, పనివాని కుండలో అడుగున మిగిలిన నీరు ఉన్నచోట ఏరేటరు మూతలు ఎన్ని బిగించినను అది శివాచారము కాదు. భక్తులందరు సమానులను మాట మొదట మంచినీటి కుండవద్ద నిజము కావలెను. మరియు నియమములను పాటించువారు తుదకు పనివారే. కుళాయి కట్టునది వారి చేయి. వారికి ఎందులకో చెప్పి, కారుచున్న గొట్టమును మొదట కనిపెట్టి చెప్పినవానికి నెలజీతముతో చిన్న బహుమానమిచ్చు యజమాని, గోడమీద నిషేధములు వ్రాయించువానికంటె త్వరగా ఫలితము చూచును. యజమానియే కుళాయి తిప్పి ఫోనులో మాటలాడుచు నిలిచినచో ఆ వ్రాతలను చదువువారుండరు.

దూరపు కావేరి మాట విడిచి భాగ్యనగరమునకు వచ్చినను తీరు మారదు. బసవన్న ఐక్యమందిన కూడలసంగమమున మలప్రభను కలుపుకొని కృష్ణ తూర్పునకు సాగును. నారాయణపురమున దానిని నిలిపిన జలాశయమునకు బసవసాగరమనియే పేరు. అచ్చటినుండి అక్కమహాదేవి ఐక్యమైన శ్రీశైలము అడుగున ప్రవహించి నాగార్జునసాగరము చేరును. ఆ సాగరపు నీటినే 100 కిలోమీటర్లకు పైగా యంత్రములచే తోడి హైదరాబాదునకు తెచ్చుచున్నారు. సంగమేశ్వరుని మెట్లు తాకిన ప్రవాహమే కోఠిలోని అంగడి కుళాయియందును, సికింద్రాబాదులోని హోటలు వెనుకవాకిటను పడుచున్నది. దానిని పాదోదకమనుటకు వీరశైవ వర్తకునికి ఇంకేమి ప్రమాణము కావలెను?

ఈ నియమములను మొదట పరీక్షింపదగిన స్థలము సంఘము చేతిలోనే యున్నది. బసవజయంతి వైశాఖ శుద్ధ తదియనాడు, నడివేసవిలో వచ్చును. కల్యాణమంటపములలో వేలమందికి ప్రసాదము వడ్డింతురు. పానకము, మజ్జిగ పంచుదురు. ప్రసాదమును మెతుకు మిగులక భుజించుట భక్తులకలవాటే. చేతులు కడుగు వరుసలో మాత్రము పది కుళాయిలు ఉదయమునుండి సాయంకాలము వరకు ధారగా పారుచుండును. ఆ కుళాయిలకు ముందుగా మూతలు బిగించుట, ఆ నీరు కాలువలో పడక చెట్ల పాదులకు పోవునట్లు గాడి తీయుట, విస్తరులకు ఆకులు వాడి పళ్లెములు కడుగు పని తగ్గించుట, ఉదయము మీటరు చూచి సాయంకాలము మరల చూచి ఆ అంకెను జమాఖర్చులతోపాటు సర్వసభ్య సమావేశమున చదువుట సంఘమునకు భారము కాదు. ఆ దినమంతయు చేతులు కడుగు తొట్టివద్ద నిలుచు కాయకమును ఎవరు స్వీకరింతురో కార్యవర్గము ఒక మాసము ముందుగనే నిర్ణయించుకొనుట మంచిది. వేదికపై కూర్చుండువారిలోనుండి ఒకరు ముందుకు వచ్చినచో మరియు మంచిది.